దొర ఎక్కితేనే దగ్గే కారు

ఆ ఇంజను ఎందుకు తడబడుతుందో కనిపెట్టింది నేను, మా ఆయన కాదు. ఆయన బతికున్నంత కాలం ఈ మాట నలుగురిలో అననివ్వలేదు, నామోషీ. ఇప్పుడు ఆయన లేడు, నా నోటికి అడ్డు లేదు. కనిపెట్టినందుకు మాకు ఒరిగింది చూస్తే ఆ గొప్ప ఎవరిదైతే ఏముంది గానీ, నిజం నిజమే కదా.

మా అత్తగారి ఊరు దేవరకొండ తాలూకాలో ఉంది. కందిచేలూ రాతిగుట్టలూ తప్ప చెప్పుకోవడానికి ఏమీ లేని ఊరు. ఊరికి ఒక దొర, దొరకు కోటలాంటి ఒక గడీ, గడీకి ఒక కారు. మిగిలినదంతా మేము. మా మామ తోలు పని చేసేవాడు. ఊరందరి చెప్పులు, ఎడ్ల పట్టెడలు, బావుల్లో నీళ్లు తోడే మోట బొక్కెనలు ఆయనే కుట్టాలి. దొరకు చేసిన పనికి కూలి అడిగినవాడు మా వాడలో పుట్టలేదు. వెట్టి అంటే అదే. గడీలో పెళ్లయినా, చావైనా, బర్రె ఈనినా, కబురు మోసే సుంకరి మా గడప ముందు నిలబడి పిలిస్తే చేతిలో ముద్ద వదిలి లేవాలి. ఆడవాళ్లను గడీ లోపలి పనికి పిలిచేవారు. లోపలికి పోయి వచ్చిన ఆడదాన్ని ఏమైందని అడిగే ఆచారం వాడలో లేదు. అడిగితే చెబుతుంది, చెబితే వినాలి, విన్నాక ఏం చేయాలో ఎవరికీ తెలియదు.

నేను ఆ ఊళ్లో పుట్టినదాన్ని కాదు. పాలమూరు వైపు మిషను బడిలో నాలుగక్షరాలు నేర్చుకుని, మిషను దవాఖానలో రోగుల గుడ్డలు ఉతికే పనికి కుదిరి, ఆ తర్వాత కట్లు కట్టడం నేర్చుకున్నాను. మా ఆయన అదే దవాఖానలో తెల్ల డాక్టరు మోటారు నడిపేవాడు. పాదిరి మా పెళ్లి చేశాడు. ఇటుక గోడల గది ఒకటి ఇచ్చారు. వాన పడితే లోపలికి నీళ్లు రాని గది అది. పుట్టి బుద్ధెరిగాక అలాంటి గదిలో నిద్రపోవడం మా ఇద్దరికీ అదే మొదలు.

ఆ సుఖం దొర కంట్లో పడింది. పట్నంలో ఏదో నవాబు వాడి వాడి వదిలేసిన కారును ఆయన తెచ్చుకున్నాడు. కారుతో పాటు వచ్చిన పట్నం డ్రైవరు మా ఊరి జొన్న గట్క గొంతు దిగక పారిపోయాడు. అప్పుడు దొరకు గుర్తొచ్చింది, తన ఊరి మాదిగ కొడుకు ఎక్కడో మోటారు నడుపుతున్నాడని. తన ఊళ్లో పుట్టినవాడు తన సొత్తే కదా. సుంకరి వచ్చి మా మామతో, “నీ కొడుకును పిలిపియ్యి. లేకుంటె నీ గుడిసె మీద గడ్డి ఉండదు,” అని చెప్పి పోయాడు. ఇటుక గదికి తాళం వేసి వచ్చేశాం.

దొర ఒక్క వరం మాత్రం ఇచ్చాడు. మా ఆయన కారు నడిపినంత కాలం మా ఇంటికి వెట్టి లేదు. మామను పిలవరు, నన్ను పిలవరు. ఆ మాట వాడంతా విన్నది, విని కుళ్లుకున్నది కూడా. మామ నడుము అప్పటికే వంగిపోయింది, మళ్లీ గడీ రాళ్లు మోయిస్తే ఎక్కువ కాలం ఉండడు. నేనా, కొత్త కోడలిని. ఇక చెప్పేదేముంది. కారు కదిలితే మేము మనుషులం, ఆగితే గడీ పశువులం. మా బతుకు ఇంజనుకు కట్టేసి ఉందని మొదటి రోజే నాకు అర్థమైంది.

మా ఆయనకు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది, ఎందుకంటే ఆయనకు ఇత్తడి గుండీల ఖాకీ కోటు ఇచ్చారు. అది తొడుక్కుంటే ఆయన నడక మారిపోయేది. కుండతో నీళ్లు తెమ్మంటే, “నేను డ్రైవర్ను,” అనేవాడు. “కోటు విప్పి తే, ఎవలకు ఎరుకైతది,” అనేదాన్ని. ఒంటి మీద కోటు ఉంది గానీ కాళ్లకు చెప్పులు లేవు. గడీ ముందు మావాళ్లు చెప్పులు తొడగకూడదు. క్లచ్చూ బ్రేకూ ఉత్త కాళ్లతోనే తొక్కేవాడు. ఎండాకాలంలో ఆ ఇనుము కాలి అరికాళ్లు బొబ్బలెక్కేవి. మిషను దవాఖానలో నేర్చుకున్న కట్లన్నీ ఆ కాళ్లకే కట్టాను.

మాదిగవాడు దొర ముందు కూర్చోవడమేమిటని మొదట్లో గడీలో పెద్ద రచ్చ జరిగిందట. కూర్చోవడమే కాదు, దొరకు వీపు చూపించి కూర్చోవాలాయె. దొర తల్లిని పెద్ద దొరసాని అనేవారు. ఆమె మహా మడి మనిషి. పంతులును పిలిపించి అడిగింది. సీటు తోలుది కాబట్టి తోలు పని చేసేవాడు కూర్చుంటే దోషం లేదని తేలింది. స్టీరింగు సంగతి ఎవరూ ఎత్తలేదు, ఎత్తితే కారు నడవదు. మైలకు కూడా తన లాభం తనకు తెలుసు. రెండు సీట్లకూ మధ్య ఒక తెర కట్టి సరిపెట్టుకున్నారు.

మొదట్లో కారు బాగానే నడిచింది. ఒకసారి నల్లగొండ కచేరీకి పోయి వస్తుంటే దారిలో ఇంజను కొంచెం తడబడింది. మా ఆయన బానెట్ ఎత్తి, ప్లగ్గు విప్పి, దానికి పట్టిన మసి గీకి మళ్లీ బిగించాడు. అంతే పని. బండి చక్కగా ఇల్లు చేరింది. దొర సంతోషపడి ఇంట్లో అన్నాడట, “మనోడు ఇంజిన్ల చెయ్యి వెట్టి నిమిషంల మంచిగ చేసిండు,” అని. పాపం, మెచ్చుకున్నాడు. ఆ మెప్పే మా కొంప ముంచింది.

ఆ తర్వాతి ప్రయాణం నుంచి కారుకు నత్తి పట్టుకుంది.

ఇంజను గురించి మా ఆయన నాకు చెప్పింది, నాకు అర్థమైనంత మేరకు చెబుతాను. లోపల నాలుగు పొయ్యిలు ఉంటాయి. పెట్రోలు వాటికి కట్టెలు, ప్లగ్గు అగ్గిపుల్ల. నిప్పు ఒక నల్లటి డబ్బా మూతలోంచి తీగల మీదుగా ఒకదాని తర్వాత ఒకటిగా నాలుగు పొయ్యిలకూ పోతుంది. ఒక పొయ్యి అంటుకోకపోతే మిగతా మూడూ దాన్ని ఈడ్చుకుంటూ పోవాలి, అప్పుడు బండి కుదుపుతుంది. తెల్ల డాక్టరు దాన్ని మిస్సింగు అనేవాడట. మా ఆయన కూడా అదే అనేవాడు, ఆ మాట పలికేటప్పుడు కోటు గుండీలు సర్దుకుని మరీ. మా వాడవాళ్లు మాత్రం దగ్గు అన్నారు.

ఆ దగ్గుకు ఒక విచిత్రం ఉంది. దొర ఎక్కి కూర్చుంటేనే వచ్చేది. గడీ దర్వాజ దాటకముందే మొదలయ్యేది. ఊరి చివరి దాకా ఈడ్చి ఈడ్చి నడిచేది, ఒక్కోసారి నడి వీధిలో ఆగిపోయేది. మా ఆయన దిగి ముందర హేండిల్ పెట్టి చెమటలు కారేలా తిప్పేవాడు, తెర వెనక నుంచి దొర తిట్టేవాడు. కొంత దూరం పోయి ఇంజను బాగా కాగాక, ఏమీ జరగనట్టు సాఫుగా పరుగెత్తేది. అదే కారును పెట్రోలు కోసం ఒక్కడే నార్కట్‌పల్లికి తీసుకుపోతే, పోనూ రానూ ఒక్క దగ్గు లేదు.

కల్లు తాగే చోట ఎవడో అన్నాడు, “ఇంజిన్‌కు గూడ దొరను మోయబుద్ధి అయితలేదు,” అని. అందరూ నవ్వారు. నవ్వినవాళ్లు నవ్వి ఇళ్లకు పోయారు, నవ్వు మాత్రం గడీకి చేరింది. దొర మా ఆయనను పిలిచాడు.

“ఏమ్రా, నేనెక్కితెనే ఎందుకు దగ్గుతది గీ బండి?”

“తెల్వది దొరా, నీ బాంచన్. చూస్తున్న.”

“చూడు. మంచిగ చూడు. నీతోని కాకపోతె చెప్పు, నీ అయ్యకు నీ పెండ్లానికి పని నేను చూపిస్త.”

ఆ రోజు నుంచి మా ఇంట్లో ఇంజను తప్ప వేరే మాట లేదు. మొదట ప్లగ్గులు. నాలుగూ విప్పి, తోమి, ఎండబెట్టి, బిగించాడు. గడీ వాకిట్లో ఇంజను స్టార్టు చేస్తే పిల్లి నిద్రపోతున్నట్టు మెత్తగా పలికింది. ఇక దొర ఎక్కుతాడు, నువ్వు బయటికి పో అన్నారు. దొరా దొరసానులూ వాకిట్లోకి వచ్చే వేళ మావాళ్లు అక్కడ ఉండకూడదు. దర్వాజ బయట నిలబడి, పిలిచాక తల వంచుకుని వచ్చి కూర్చున్నాడు. దగ్గు.

తర్వాత పెట్రోలు మీద పడ్డాడు. అవి యుద్ధం రోజులు, పెట్రోలు దొరకడమే కష్టం. దొరికినదాంట్లో నీళ్లో కిరసనాయిలో కలుపుతున్నారని అనుమానం. మామ మెత్తటి మేకతోలు పలచగా గీకి ఇస్తే అందులోంచి చుక్క చుక్కగా వడపోశాడు. ఆ రోజంతా ఇల్లు పెట్రోలు కంపు కొట్టి పొయ్యి వెలిగించడానికి నాకు భయం వేసింది, అందరం పస్తున్నాం. మరునాడు దొర ఎక్కాడు. దగ్గు. తర్వాత నిప్పు పుట్టే చోట రెండు చిన్న రేకులు ఉంటాయట, వాటిని ఆకురాయితో రాశాడు. దగ్గు. పట్నం నుంచి కొత్త కాయిల్ తెప్పించి వేశాడు. దగ్గు. తీగలు మార్చాడు. ఈసారి దగ్గు ఇంకా ఎక్కువైంది.

“ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది నీ కథ,” అన్నాను ఒకరోజు. ఎప్పుడూ ఎదురు తిట్టే మనిషి, ఆ రోజు కోటు విప్పి మూలకు విసిరాడు. నాకు ఆ విసురు చూసి భయం వేసింది. ఆయన కోటును అలా విసరడం అదే మొదటిసారి. బాగు చేస్తున్న కొద్దీ పాడవుతోందని, చెయ్యి పెట్టిన ప్రతిసారీ చెడుతోందని, తన చేతుల్లోనే ఏదో ఉందేమోనని తలుపుకేసి చూస్తూ అన్నాడు. దొర కూడా సరిగ్గా అదే అనుకుంటున్నాడని మాకు అప్పటికే కబురు వచ్చింది. వీడు కావాలనే చేస్తున్నాడు, దొరను నలుగురిలో నవ్వులపాలు చేయడానికి చేస్తున్నాడు అని.

దారిలో బండి ఆగినప్పుడు ఇంజను తుడిచే గుడ్డపేలికలు ఇంటికి తెచ్చేవాడు. వాటిని ఉతకడం నా పని. నల్లటి జిడ్డు మధ్యలో ఒక పచ్చని మరక కనబడేది. అదేమిటంటే పెట్రోలు మరక అన్నాడు. సరే అనుకున్నాను. ఒకసారి మామూలుగా బూడిదతో పోవడం లేదని చవుడు మన్ను నీళ్లలో నానబెట్టాను. చూస్తుండగానే ఆ పచ్చని మరక ఎర్రబడింది. పసుపు ఒక్కటే చవుడు తగిలితే అలా ఎర్రబడుతుంది. పెళ్లి బట్టలు ఉతికిన ఏ ఆడదాన్ని అడిగినా చెబుతుంది. ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. ఆవు మూత్రం, అదే గోపంచితం వాసన.

“ఇంజిన్ల పసుపెందుకున్నది?” అని అడిగాను.

“నీకేమన్న పిచ్చా? ఇంజిన్ ఏమన్న పెండ్లిపిల్లనా, పసుపు పూయనీకి.”

“నువ్వు పూయలేదు. మరి ఎవలు పూసిన్రు?”

ఆ ప్రశ్న గడీలో అడిగే ధైర్యం ఆయనకు లేదు. అడగకుండానే నాకు జవాబు దొరికింది. వాగు దగ్గర గడీ బట్టలు ఉతికే ముసలి చాకలామె ఎగువన ఉతుకుతోంది, నేను దిగువన ఉతుకుతున్నాను. మేము ఎప్పుడూ దిగువనే. ఊరికే కదిలించినట్టు కదిలించాను.

“అవ్వా, దొర కారుకు పసుపు పెడుతున్నరా?”

“పెట్టుడు గాదు పిల్లా, శుద్ధి చేసుడు. నీ మొగడు ముట్టుకున్న జాగ శుద్ధి గావద్దా? నీ మొగడు ఇంజిన్ల చెయ్యి వెట్టిండని దొర చెప్పినప్పటి సంది, దొర ఎక్కేముందల పెద్ద దొరసాని పసుపు నీళ్లు, గోపంచితం కలిపిస్తది. మూత లేపి మామిడి కొమ్మతోని నేను చల్లుత. ఏ మూలా ఇడువ.” ఆమె గొంతులో పనితనం ఉంది. “గా తీగలున్న నల్లడబ్బను నీ మొగడు మస్తు ముట్టుకుంటడట గద. దానికి రెండుపాలు ఎక్కువ చల్లుత.”

నాకు నవ్వు ఆగలేదు. రాయి మీద కూలబడి నవ్వాను. నీళ్లు పడితే నిప్పు దారి తప్పుతుంది, పొయ్యి అంటుకోదు. ఇంజను కాగి నీళ్లు ఆరిపోయాక బండి సాఫుగా పోతుంది. దొర ఎక్కని రోజు శుద్ధి లేదు, దగ్గూ లేదు. మా ఆయన ఎంత ఎక్కువ ముట్టుకుంటే అంత ఎక్కువ తడుపుతారు. ఆ పసుపు పండిన తోటకు నీళ్లు తోడేది మా మామ కుట్టిన మోటతోనే, ఆ మోట నీళ్లకు మాత్రం ఏ శుద్ధీ అక్కర్లేకపోయింది. నవ్వి నవ్వి లేచి గుడ్డలు మూట కట్టుకున్నాను. కారణం దొరికింది గానీ దాన్ని నోటితో చెప్పగలిగేవాడు ఊళ్లో లేడు.

ఇంటికి పోయి చెబితే మా ఆయన ముందు నమ్మలేదు, తర్వాత గుడ్డ వాసన చూసి నమ్మాడు. “రేపు దొరకు చెప్త,” అన్నాడు. ముఖం వెలిగిపోయింది. తన చేతుల తప్పు లేదని తేలింది కదా, ఇక దొర భుజం తడతాడని అనుకున్నాడు. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందంటే ఇదే.

మామ చెప్పుకు మేకు కొడుతూనే అన్నాడు, “నీ తల్లి చేసే శుద్ధితోనే బండి ఆగుతాందని దొర మొకాన చెప్తవారా? చెప్పి మళ్ల ఇంటికొస్తవా?”

“మరేం చెయ్యాలె నాయినా?”

“నీళ్లు పడకుంట చెయ్యి. చల్లెటోళ్లను చల్లనియ్యి.”

మోట తొండానికి వాడగా మిగిలిన తోలు ముక్క తీశాడు. అచ్చంపేట అడవుల నుంచి వచ్చిన తేనెమైనం కరిగించి, ఆముదంతో కలిపి ఆ తోలుకు పట్టించాడు. మా ఆయన నల్లడబ్బా కొలత చేతులతో చూపిస్తే, దానికీ తీగల మొదళ్లకూ సరిపోయేలా ఒక టోపీ కుట్టాడు. ఊరి మోటల్లోంచి ఎన్నడూ చుక్క కారనివ్వని కుట్టు అది. మరునాడు పెట్రోలుకు పోయినప్పుడు మా ఆయన దాన్ని ఇంజనులో బిగించి వచ్చాడు. నేను వాగుకు పోయి, చాకలామె చేతులు పట్టుకునే వీలు లేదు కాబట్టి, టోపీ సంగతి గడీలో చెప్పొద్దని దిగువ నుంచే నా చేతులు జోడించాను. ఆమె చూసీ చూడనట్టు తోలు టోపీ మీదే నీళ్లు చల్లింది. మంచి మనిషి.

దగ్గు పోయింది. దొర ఎక్కినా, పెద్ద దొరసాని ఎక్కినా, వాన పడినా కారు పలుకు మారలేదు. “ఇన్నొద్దులకు శుద్ధి పట్టింది,” అని పెద్ద దొరసాని అందరితో చెప్పుకుంది. మేము కూడా అవునన్నాం. మా ఆయన మళ్లీ కోటు దులిపి తొడిగాడు, నేను మళ్లీ ఎగతాళి చేశాను. మామ సాయంత్రాలు వాకిట్లో కూర్చుని కారు చప్పుడు దూరం నుంచి వినేవాడు. మా కాపురంలో మంచి రోజులు ఏవని అడిగితే నేను అవే చెబుతాను. దసరా వచ్చేదాకా.

దసరా నాడు పనిముట్లకు పూజ చేస్తారు కదా. గడీలో కత్తులకూ తుపాకులకూ చేసి, కారు దగ్గరికి వచ్చారు. ఇంజనుకు బొట్టు పెడదామని పంతులు స్వయంగా మూత ఎత్తించాడు. లోపల తోలు సంచి కనబడింది. ఊళ్లో అందరి కాళ్ల కింద ఉన్న కుట్టే అది, ఎవరిదని అడగాల్సిన పని లేదు. పంతులు వెనక్కి గెంతాడు. బాణామతి, దొర ప్రాణానికి మందు పెట్టారు అని గడీ అంతా గుప్పుమంది. మమ్మల్ని ముగ్గురినీ పిలుచుకుపోయారు. మా ఆయనను వాకిట్లో నిలబెట్టారు, నన్నూ మామనూ దర్వాజ బయటే ఆపారు. తెరిచిన దర్వాజలోంచి అన్నీ కనబడుతున్నాయి, వినబడుతున్నాయి.

పొడుగాటి కర్రతో తోలు టోపీని ఊడదీశారు. లోపల వెంట్రుకలో, నిమ్మకాయో ఉంటాయని ఎదురుచూశారు. ఏమీ లేదు, నల్లడబ్బా ఉంది. మా ఆయన దొర కాళ్ల ముందు మోకరించి మొత్తం చెప్పేశాడు. నీళ్లు, నిప్పు, తీగలు, తోలు, అన్నీ.

దొర తెలివి తక్కువవాడు కాదు. పట్నంలో ఇంగ్లీషు బడిలో చదివినవాడు. లేచి వచ్చి ఇంజను స్టార్టు చేయించాడు. పూజ చెంబులోంచి పసుపు నీళ్లు తానే పుడిసిట్లో తీసి డబ్బా మీద చల్లాడు. కారు దగ్గింది. గుడ్డతో తుడిపించాడు. దగ్గు ఆగింది. మళ్లీ చల్లాడు, మళ్లీ దగ్గింది. ఈసారి నవ్వాడు కూడా. దర్వాజ బయట నేను ప్రభువుకు స్తోత్రం చెప్పుకున్నాను. బతికిపోయాం అనుకున్నాను. మా ఆయనను గొర్రె అన్నాను గానీ ఆ నిమిషం నేనూ గొర్రెనే.

దొర చేతులు తుడుచుకుని అరుగు మీద ఉన్న తల్లి వైపు చూశాడు, పంతులు వైపు చూశాడు. మా ఆయనను అడిగాడు.

“నాకు సమజైంది. ఇగ నువ్వు చెప్పు. మా అమ్మ నీళ్లు చల్లుడు తప్పా, నువ్వు ముట్టుకునుడు తప్పా?”

“నేను ముట్టుకునుడే దొరా.”

“మరి ముట్టుకోకు.”

“ముట్టుకోకుంటె ఇంజన్ నడువది దొరా.”

“ఇంజన్ నడువాలని ఎవడన్నడు? బండి నడువాలె.” సుంకరి వైపు తిరిగాడు. “మోట తాళ్లు తీస్కరా. వాడల ఉన్నోళ్లందరినీ పిలువు. పొద్దుగూకకముందు జమ్మి దగ్గరికి పోవాలె.”

ఎవరినీ కొట్టలేదు. గొంతు పెంచలేదు. పండుగ పూట కదా.

కారు ముందర తాళ్లు కట్టారు. తాడు ఒక కొస కారుకు తగిలి ఉంటుంది, ఇంకో కొస మా చేతుల్లో ఉంటుంది. మైల తాడు మీదుగా కారుకు పాకుతుందని పెద్ద దొరసానికి తోచింది. తాడంతా పసుపు నీళ్లతో తడిపించింది. మా వాడ మగవాళ్లు, వాళ్ల వెనక మామ, ఆయన వెనక నేను. మా ఆయనను మాత్రం కోటు తొడుక్కుని స్టీరింగు దగ్గర కూర్చోమన్నారు. స్టీరింగుకు ఎప్పుడూ మైల లేదు కదా. ఇంజను ఆపేసి ఉంది. తెర వెనక దొర కూర్చున్నాడు.

జమ్మి చెట్టు ఊరి బయట మొరం గుట్ట అవతల ఉంది. ఎత్తు ఎక్కుతుంటే తడి తాడు చేతుల్లోంచి జారేది, జారితే చర్మం పోయేది. ఒకడు ఆగితే అందరం వెనక్కి పోతాం. మామ రెండుసార్లు పడ్డాడు, పడిన చోటే తాడు పట్టుకుని లేచాడు. మేము నెమ్మదించినప్పుడల్లా వెనక నుంచి హారను మోగేది. దొర కొట్టమన్నప్పుడు కొట్టాలి, మా ఆయన కొట్టాడు. నేను ఒక్కసారి వెనక్కి తిరిగి చూశాను. అద్దంలోంచి ఆయన నన్ను చూడలేదు, నా తల మీదుగా దారినే చూస్తున్నాడు.

గుట్ట దిగాక దొర గట్టిగా అన్నాడు, అందరికీ వినబడేలా, “చూసినవారా? ఒక్క మిస్సింగు లేదు.”

తోవ పక్క నిలబడ్డ ఊరివాళ్లు నవ్వారు. కల్లు దగ్గర నవ్వినవాళ్లే.

ఇంటికి వచ్చాక మామ చేతులు కడగడానికి చవుడు నీళ్లు తెచ్చాను. అరచేతుల్లో తోలు లేదు. నీళ్లలో పెట్టగానే ఎర్రబడ్డాయి. అందులో పసుపు ఎంతో, మామ నెత్తురు ఎంతో నాకు తెలియలేదు. కట్టు కడదామని గుడ్డ చింపుతున్నాను. సుంకరి వచ్చి గడప ముందు నిలబడ్డాడు.

“పిల్లా, గడీ లోపలి పనికి రమ్మన్నరు. ఇప్పుడే.”

మా ఆయన కోటుతోనే మూల కూర్చుని ఉన్నాడు. లేవలేదు. మామ కట్టు లేని చేతులతోనే సుంకరికి దండం పెట్టాడు. సుంకరి పక్కకు చూశాడు. నేను గుడ్డ కింద పెట్టి లేచాను.

మామ ఆ తర్వాత వచ్చిన ఎండాకాలం దాటలేదు. నేను మరునాడు మధ్యాహ్నం ఇంటికి వచ్చాను. వాడలో ఎవరూ ఏమీ అడగలేదు, ఆచారం లేదు కదా. మా ఆయనా అడగలేదు. ఆ తర్వాత ఆయనతో ఎన్నో ఏళ్లు కాపురం చేశాను, పిల్లల్ని కన్నాను, చివరికి నా చేతులతోనే మట్టి చేశాను. ఇంజను ఎందుకు దగ్గుతోందో తెలుసుకోవడానికి ప్రతి తీగా విప్పి చూసిన మనిషి, నన్ను మాత్రం ఏమైందని ఒక్కసారి కూడా అడగలేదు.